ఇంట్లో తీగ మొక్కల కోసం వెదురు తడిక కట్టుకోవడం ఎలా?

కడపలో చాలా ఇళ్లలో మనీ ప్లాంట్ కిటికీ ఊచలను పట్టుకొనే పెరుగుతుంది. కొంతకాలానికి తీగ చుట్టుకొని కిటికీ తలుపు మూతపడదు, ఏప్రిల్ వచ్చేసరికి ఎండకు కాలిన ఇనుము తగిలి లేత చిగుళ్లు నల్లబడతాయి, ఇంటికి రంగు వేయించే రోజు వస్తే ఏళ్ల తరబడి పెరిగిన తీగను తెంపి పారేయవలసి వస్తుంది. దీనికి బదులుగా హాలుకూ భోజనాల గదికీ మధ్య నిలబడే ఒక వెదురు తడికను మీరే కట్టుకోవచ్చు. అది తీగకు ఆసరాగానూ, గదికి పచ్చని తెరగానూ ఉంటుంది. నేను ఇక్కడ వివరిస్తున్నది అయిదడుగుల ఎత్తు, ఒక్కొక్కటి రెండడుగుల వెడల్పు ఉన్న రెండు రెక్కలు మూల దగ్గర లంబంగా కలిసే తడిక. ఆరబెట్టే రోజులను పక్కన పెడితే, రెండు ఆదివారాల పని.

ముందుగా తీగను గమనించండి

తీగలన్నీ ఒకే విధంగా ఎక్కవు. కాకర, బీర నులితీగలు చాచి సన్నని పుల్లను పట్టుకుంటాయి. శంఖపుష్పం, హోయా వంటివి కాండంతోనే ఆసరా చుట్టూ మెలికలు తిరుగుతాయి. మనీ ప్లాంట్, తమలపాకు, సింగోనియం, ఫిలోడెండ్రాన్ కణుపుల దగ్గర చిన్న వేళ్లు పుట్టించి వాటితో అంటుకొని పైకి పోతాయి. ఇంటి లోపలి వెలుతురులో బతికేవి ఎక్కువగా ఈ మూడవ రకమే కనుక, మన తడిక ముఖ్యంగా వాటికి పనికి రావాలి. వార్నీషు పూసిన నున్నని వెదురు మీద ఆ వేళ్లకు పట్టు దొరకదు. గరుకుగా ఉండి తేమను కాస్త నిలుపుకొనే వస్తువు వాటికి కావాలి. పెన్నా ఒడ్డున చెన్నూరు వైపు తమలపాకు తోటలను చూసినవారికి ఈ సంగతి కొత్త కాదు. తమలపాకు తోటల్లో అవిసె చెట్లను ఆసరాగా పెంచి, తీగను వాటికి జమ్ముతో వదులుగా కడతారు. చెట్టు బెరడే వేరుకు పట్టునిస్తుంది. మన తడికలో ఆ బెరడు పనిని కొబ్బరి తాడు చేస్తుంది.

తడిక ఎక్కడ నిలబెట్టాలో కూడా వెదురు కొనకముందే నిర్ణయించుకోవాలి. ఆకు ఎప్పుడూ వెలుతురు వైపే ముఖం తిప్పుతుంది. తడికను కిటికీకి ఎదురుగా, అడ్డంగా నిలబెడితే ఆకులన్నీ కిటికీ వైపు తిరిగి, గదిలో కూర్చున్న మీకు వాటి వీపులే కనిపిస్తాయి. అందువల్ల ఒక రెక్క కిటికీ ఉన్న గోడకు లంబంగా ఉండేటట్లు చూసుకుంటే, ఆ రెక్క రెండు వైపులకూ వెలుతురు అందుతుంది. మధ్యాహ్నం పూట లైటు వేయకుండా దినపత్రిక చదవగలిగినంత వెలుతురు ఉన్న చోటు ఈ మొక్కలకు సరిపోతుంది. పడమటి కిటికీ అయితే తడిక కనీసం నాలుగడుగుల దూరంలో ఉండాలి, వేసవి మధ్యాహ్నాలు పలుచని తెర వేయాలి. కడప దాదాపు 14.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కనుక ఏప్రిల్ చివర, మళ్లీ ఆగస్టు మధ్యలో సూర్యుడు నడినెత్తికి వస్తాడు. ఆ రెండింటి నడుమ కాలంలో ఉత్తరపు కిటికీలోకి కూడా ఎండ తొంగిచూస్తుందని గుర్తుంచుకోండి.

కావలసినవి

పది అడుగుల వెదురు గడలు నాలుగు కావాలి. వాటిలో మూడు గడలు ఒకటింబావు అంగుళం లావు, నాలుగవది చీల్చడానికి వీలుగా ఒకటింముప్పావు అంగుళం లావు ఉండాలి. పురికొస 80 మీటర్లు, ఎనిమిది మిల్లీమీటర్ల కొబ్బరి తాడు 30 మీటర్లు, నాలుగు లీటర్ల ఖాళీ రంగు డబ్బాలు మూడు, ఒకటిన్నర అంగుళం పీవీసీ పైపు రెండడుగులు, నాలుగంగుళాల పైపు అయిదున్నర అడుగులు, దాని అడుగుకు బిగించే మూత ఒకటి, సుమారు నాలుగు కిలోల సిమెంటు, దానికి తగిన ఇసుక, అరంగుళం కంకర, వార్నీషు, గరుకు కాగితం సమకూర్చుకోండి. పనిముట్లుగా సన్నని పళ్ల రంపం, మచ్చుకత్తి, సుత్తి, సన్నని ఇనుప కడ్డీ, చేతికి మందపాటి తొడుగులు చాలు. వెదురు పేడు చేతిలో విరిగితే తీయడం కష్టం కనుక తొడుగులు లేకుండా పని మొదలుపెట్టవద్దు.

గడలను బుట్టలు అల్లే మేదరుల దగ్గరైనా, కట్టెల అడితిలోనైనా ఎంచుకోవచ్చు. కనీసం మూడేళ్లు ముదిరిన వెదురు కావాలి. ముదిరిన గడ మీద తెల్లని బూడిద పొర ఉండదు, రంగు కాస్త వెలిసి ఉంటుంది, వేలి కణుపుతో కొడితే కంగుమంటుంది. లేత గడ మెత్తని చప్పుడు చేస్తుంది. అది ఆరేటప్పుడు ముడుచుకుపోయి ముడులన్నీ వదులవుతాయి. వానాకాలంలో నరికిన గడలకంటే చలికాలంలో నరికినవి పురుగుకు ఎక్కువ కాలం తట్టుకుంటాయని పనివారు చెప్పేది నిజమే, ఎందుకంటే పురుగు వచ్చేది వెదురులోని పిండి పదార్థం కోసమే.

పురుగు పట్టకుండా చేయడం

ఈ పనిని దయచేసి వదిలేయకండి. నేను కట్టిన మొదటి తడికకు ఈ జాగ్రత్త తీసుకోలేదు. ఒక ఉదయం ఇల్లు ఊడుస్తుంటే తడిక కింద నల్లని బండ మీద జల్లించిన శనగపిండి లాంటి పొడి చిన్న కుప్పగా కనిపించింది. తుడిచేశాను. మరునాటికి అదే చోట, అంతే కుప్ప. గడ మీద గోటితో గీరి చూస్తే సూది బెజ్జమంత రంధ్రాలు వరుసగా ఉన్నాయి, వేలితో తట్టినప్పుడల్లా వాటిలోంచి పొడి రాలింది. అప్పటికి తమలపాకు తీగ పైదాకా ఎక్కింది. దాన్ని విడదీయడానికి ఒక రోజంతా పట్టింది, అయినా సగం తీగ దక్కలేదు.

గడలను మొదట కొలతలకు కోసుకోండి. రెండు గడల నుంచి అయిదడుగుల నిలువు గుంజలు మూడు వస్తాయి. మిగిలిన అయిదడుగుల ముక్క నుంచి 26 అంగుళాల అడ్డు కర్రలు రెండు, మూడవ గడ నుంచి అలాంటివే మరో రెండు కోయండి. లావుపాటి నాలుగవ గడను 52 అంగుళాల ముక్క ఒకటి, 26 అంగుళాల ముక్కలు రెండుగా కోసి ప్రతి ముక్కనూ నిలువునా ఆరు బద్దలుగా చీల్చండి. వీటినే మన వైపు దబ్బలంటారు. చీల్చేటప్పుడు ముక్క సన్నని కొన మీద మచ్చుకత్తిని ఆనించి, కత్తి వీపు మీద సుత్తితో తట్టి, ముందు రెండుగా, తరువాత ఒక్కొక్క సగాన్ని మూడుగా చేయాలి. కత్తి ఒక పక్కకు జారుతున్నట్లు అనిపిస్తే, మందంగా ఉన్న భాగాన్ని వంచి పట్టుకుంటే చీలిక మళ్లీ మధ్యకు వస్తుంది. మూడవ గడలో మిగిలిన ముక్క మీద ముందు చేయి అలవాటు చేసుకోండి. ఇది చేతికి రాదనిపిస్తే మేదరుల చేత చీల్పించుకోవడమే మంచిది. మనం గంటసేపు చేసే పనిని వారు కొద్ది నిమిషాల్లో, సమానంగా చేసి ఇస్తారు. చీల్చిన దబ్బల అంచులు కత్తిలా ఉంటాయి కనుక గరుకు కాగితంతో రుద్ది మొద్దు చేయాలి.

తరువాత గుంజలలోనూ అడ్డు కర్రలలోనూ కణుపుల దగ్గరుండే అడ్డు పొరలను ఇనుప కడ్డీతో పొడిచి తొలగించండి, అప్పుడే మందు నీరు లోపలంతా పారుతుంది. నాలుగంగుళాల పైపుకు అడుగున మూత బిగించి, కిటికీ ఊచకు నిలువుగా కట్టి, అందులో వెదురును దించండి. పది లీటర్ల వేడి నీటిలో 300 గ్రాముల వెలిగారం (బోరాక్స్), 200 గ్రాముల బోరిక్ పౌడర్ పూర్తిగా కరిగించి పైపులో నింపండి. గుంజలను వారం రోజులు నాననిచ్చి, తరువాత అదే నీటిలో దబ్బలను, అడ్డు కర్రలను మరో వారం ఉంచవచ్చు. ఈ నీటిని పిల్లలకు, పెంపుడు జంతువులకు అందకుండా చూడాలి. పని ముగిశాక దాన్ని మొక్కల మొదట్లో పోయవద్దు, ఎందుకంటే అందులోని బోరాన్ మోతాదు మించితే మొక్కలకు విషమవుతుంది. బయటికి తీసిన వెదురును నీడలోనే, గాలి ఆడేచోట నిలబెట్టి రెండు వారాలు ఆరనివ్వండి. మన ఎండలో పెడితే ఒక్క రోజులోనే నిలువునా పగుళ్లు వస్తాయి.

ఆరిన వెదురుకు వార్నీషు రెండు పూతలు వేయాలి. వెలిగారం నీటిలో కరిగేది కాబట్టి, మొక్కలకు చల్లే నీళ్లతో అది మెల్లగా కొట్టుకుపోకుండా ఈ పూత కాపాడుతుంది. కోసిన కొనలకు, గుంజల లోపలి అంచులకు కూడా పూత అందేటట్లు చూడండి.

మూడు కాళ్ల మీద నిలబెట్టడం

తడిక అందం మీద ఉండే శ్రద్ధలో సగమైనా దాని పాదాల మీద పెట్టాలి. రెండు కాళ్ల మీద నిలిచే ఒంటి రెక్క తడిక, ఎంత బరువు కట్టినా, ముందుకో వెనక్కో పడిపోతుంది. పిల్లవాడు ఒక్కసారి పట్టుకొని లాగితే చాలు. మూడవ కాలు వేరే దిక్కుకు ఉన్నప్పుడే అది స్థిరంగా నిలుస్తుంది. మూలకు ఒకటి, రెండు రెక్కల చివర ఒక్కొక్కటి, ఇలా మూడు గుంజలకు మూడు సిమెంటు డబ్బాలు పాదాలవుతాయి. నిండిన ఒక్కొక్క డబ్బా సుమారు తొమ్మిది కిలోలు తూగుతుంది.

వెదురును నేరుగా తడి కాంక్రీటులో పాతకండి. అది నీటిని పీల్చి ఉబ్బుతుంది, ఆరాక కుంచించుకుపోయి వదులవుతుంది, అడుగున కుళ్లుతుంది కూడా. ఒకటిన్నర అంగుళం పైపును ఏడంగుళాల చొప్పున మూడు ముక్కలు కోసి, అడుగును టేపుతో మూసేయండి. సిమెంటు ఒక పాలు, ఇసుక రెండు పాళ్లు, కంకర నాలుగు పాళ్లు కలిపి, డబ్బాలో అంగుళం మేర వేసి, దాని మీద పైపు ముక్కను నిలబెట్టి, చుట్టూ నింపండి. పైపులో ఒక గుంజను తాత్కాలికంగా దించి, గుండుతాడు (కొనకు బరువు కట్టిన తాడు) పట్టి రెండు పక్కల నుంచీ నిటారుగా ఉందో లేదో చూసుకోండి. ఈ దశలో గోరంత వాలు ఉన్నా పైకి పోయేసరికి బెత్తెడు అవుతుంది. మరునాటి నుంచి వారం రోజులు డబ్బాలను తడుపుతూ ఉండాలి. తరువాత గుంజను పైపులోకి దించి, చుట్టూ ఉన్న సందులో పొడి ఇసుక కూరితే కదలదు. ఎప్పుడైనా తీయాలన్నా సులువుగా వస్తుంది.

కట్టు కట్టడం

డబ్బాలను నిలబెట్టవలసిన చోటనే, గుంజల మధ్య దూరం సరిగ్గా రెండడుగులు ఉండేటట్లు, మూల లంబంగా ఉండేటట్లు అమర్చండి. లంబాన్ని చూసుకోవడానికి గది మూలలోని నేల బండల గీతలే చాలు. గుంజ అడుగు కొన నుంచి 9 అంగుళాల ఎత్తున లావుపాటి అడ్డు కర్ర ఒకటి, 57 అంగుళాల ఎత్తున మరొకటి కట్టాలి. వాటి మధ్య 17, 25, 33, 41, 49 అంగుళాల దగ్గర అడ్డు దబ్బలు వస్తాయి. రెండవ రెక్కలో ఈ కొలతలన్నిటినీ ఒకటిన్నర అంగుళం పైకి జరపండి, లేకపోతే మూల గుంజ దగ్గర రెండు వైపుల కర్రలు ఒకదానికొకటి అడ్డుపడతాయి.

ముడి ఇలా వేయాలి. సుమారు అయిదడుగుల పురికొస తీసుకొని, ఒక కొనను గుంజకు, అడ్డు కర్ర వచ్చే చోటుకు కాస్త కింద ముడి వేయండి. అడ్డు కర్రను ఆనించి, తాడును కర్ర ముందు నుంచి పైకి, గుంజ వెనక నుంచి అవతలికి, మళ్లీ కర్ర ముందు నుంచి కిందికి, గుంజ వెనక నుంచి మొదటి చోటికి తీసుకురండి. ఇలా మూడు చుట్లు, ప్రతి చుట్టులోనూ తాడును బిగలాగుతూ వేయాలి. ఆ తరువాత తాడును గుంజకూ కర్రకూ నడుమ ఉన్న సందులోనే, ముందు వేసిన చుట్లను నొక్కుతూ రెండుసార్లు తిప్పండి. కట్టుకు బిగువు వచ్చేది ఈ రెండు చుట్లతోనే; వీటిని వదిలేస్తే ఎంత తాడు చుట్టినా కర్ర పక్కకు జారుతుంది. చివరి కొనను అడ్డు కర్రకు రెండు ముడులు వేసి కత్తిరించండి.

నిలువు దబ్బలు ఒక్కొక్క రెక్కకు మూడు, ఆరంగుళాల ఎడంతో వస్తాయి. వాటిలో నడిమి దానికి, కట్టడానికి ముందే, కొబ్బరి తాడును ఒక కొన నుంచి రెండవ కొన దాకా సందు లేకుండా చుట్టేయండి. ఒక్కొక్క దానికి 15 మీటర్ల వరకు పడుతుంది. నిలువు దబ్బలను అడ్డు దబ్బలకు కట్టడానికి రెండడుగుల పురికొసతో గుణకారం గుర్తు (×) ఆకారంలో వేసే కట్టు సరిపోతుంది. రెండు రెక్కలకూ కలిపి 70 ముడులు పడతాయి. తొందరపడకుండా కింది నుంచి పైకి, రెండు చివరలనూ సమానంగా కట్టుకుంటూ వస్తే తడిక వంకర పోదు. దబ్బల నున్నని పై తొక్క మీరు ఎక్కువగా చూసే వైపు ఉండాలి.

మొక్కలు నాటి, తీగను మళ్లించడం

తడిక లోపలి మూలలో నేల మీద కడప బండ ముక్క ఒకటి పరచి, దాని మీద పదంగుళాల కుండీలు రెండు పెట్టండి. బండలు కోసే చోట ఇలాంటి ముక్కలు మిగిలిపోయి దొరుకుతాయి, నీళ్లు కారినా తుడిస్తే పోతాయి. కుండీలో నల్లరేగడి మాత్రం వాడకండి. అది తడిస్తే నీటిని వదలదు, ఎండితే బిగుసుకొని పగిలి వేళ్లను తెంపుతుంది. ఎర్రమన్ను, కొబ్బరి పొట్టు, వానపాముల ఎరువు సమపాళ్లలో కలిపితే బాగుంటుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో నా ఓటు తమలపాకుకే. మనీ ప్లాంట్, సింగోనియం, ఫిలోడెండ్రాన్ ఆకులను నమిలితే వాటిలోని ఆగ్జలేట్ స్ఫటికాల వల్ల నోరు మండి వాస్తుంది, అందుకని వాటి కింది తీగలను పిల్లల చేతికి అందకుండా ఉంచాలి.

తీగను తడికకు కట్టడానికి పాత నూలు చీర నుంచి చించిన వేలెడు వెడల్పు పీలికలు వాడండి. పీలికను దబ్బకు ఒకసారి చుట్టి, మధ్యలో మెలిక తిప్పి, 8 అంకె ఆకారంలో తీగ చుట్టూ తెచ్చి, తీగకూ పీలికకూ మధ్య చిటికెన వేలు దూరేంత వదులుగా ముడి వేయాలి. ఇనుప తీగ, నైలాన్ దారం కాండం లావెక్కేకొద్దీ కోసేస్తాయి. కణుపు దగ్గర వేరు పుట్టే వైపు కొబ్బరి తాడుకు ఆనేటట్లు చూడటం ముఖ్యం. ఆ తాడును రోజూ ఉదయం నీళ్లు చల్లి తడిగా ఉంచితే కొన్ని వారాల్లో వేళ్లు పట్టు చిక్కించుకుంటాయి, తరువాత పీలికలు విప్పేయవచ్చు. ఆసరా దొరికి ఎక్కే కొద్దీ మనీ ప్లాంట్ ఆకులు పెద్దవి కావడం మీరే చూస్తారు.

అందరూ చేసే పొరపాటు తీగను మొదటి రోజు నుంచే నిట్టనిలువుగా పైకి పంపడం. అప్పుడు కొన ఒక్కటే పరుగు తీస్తుంది, తడిక కింది సగం బోసిగా మిగులుతుంది. మొదటి తీగను అట్టడుగు అడ్డు కర్ర వెంట పడుకోబెట్టి చివరిదాకా తీసుకుపోండి. అలా వంచినప్పుడు కొన చిగురు పెత్తనం తగ్గి, కణుపుల దగ్గర నుంచి పక్క కొమ్మలు లేస్తాయి. వాటిని ఒక్కొక్కటి ఒక్కొక్క నిలువు దబ్బకు అప్పగించండి. శంఖపుష్పం, హోయా వంటి మెలికల తీగలనైతే అవి ఏ వైపు తిరుగుతున్నాయో ఆ వైపుకే చుట్టాలి, ఎదురు తిప్పితే విడిపోతాయి.

నీరు పోసే ముందు వేలు రెండు కణుపుల లోతున మట్టిలో గుచ్చి చూడండి, తడి తగిలితే ఆ రోజు మానేయండి. మే నెలలో కూలర్ ఉన్న గదిలో ఈ మొక్కలు ఏసీ గదిలో కంటే హాయిగా ఉంటాయి, కూలర్ గాలిలో తేమ ఉంటుంది కనుక. అయితే ఆ గాలి నేరుగా ఆకుల మీద కొట్టకూడదు. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, చల్లిన కొద్దీ ఆకుల మీద తెల్లని మరకలు కడతాయి. వీలైతే పట్టి ఉంచిన వాన నీటినే చల్లండి, లేకపోతే వారానికొకసారి ఆకులను తడిగుడ్డతో తుడవండి.

కట్టిన నెలకు ఒకసారి, తరువాత ఏడాదికొకసారి ముడులన్నీ తడిమి చూసి వదులైన వాటిని తిరిగి కట్టాలి. అప్పుడే గుంజల కింద నేల మీద పొడి రాలుతుందేమో కూడా చూడండి. తీగ పై కర్రను దాటినప్పుడు, కణుపుకు అరంగుళం పైన కత్తిరించి, కోసిన ముక్కలను రెండు కణుపుల చొప్పున చేసి గాజు సీసా నీళ్లలో ఉంచండి. వేళ్లు రెండంగుళాలు వచ్చాక వాటిని అదే కుండీలో, పాత మొక్క మొదట్లో నాటితే, ఆకులు రాలి బోసిపోయిన కింది భాగం మళ్లీ నిండుతుంది.